టీబీ అని తేలాక కంపెనీకి చెప్పడం, సెలవు, మళ్లీ డ్యూటీ: నా అనుభవం

ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కార్డు ఉండి ఊపిరితిత్తుల టీబీ బయటపడిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా పని హైదరాబాద్ శివారులో మందులకు అట్టపెట్టెలు అచ్చువేసే యూనిట్‌లో క్వాలిటీ చెకింగ్. రోజంతా నిలబడాలి, మూడు షిఫ్టులూ తిరగాలి. జీతం 18,000. జబ్బు తేలింది 2023 జూన్ 12న, మళ్లీ డ్యూటీ ఎక్కింది ఆగస్టు 14న. ఈ 63 రోజుల్లో ఏ కాగితం ఎప్పుడు ఎవరికి ఇవ్వాలో, ఎక్కడ తేడా కొడుతుందో చెబుతాను. మందులు పూర్తిగా వాడితే నయమయ్యే జబ్బు ఇది. నేను చూసినంతలో ఉద్యోగం పోగొట్టుకున్న వాళ్లలో ఎక్కువమంది చెప్పకుండా మానేసినవాళ్లే.

కంపెనీకి ఫోన్ చేసే ముందు చేతిలో రెండు కాగితాలు ఉండాలి. మొదటిది తెమడ పరీక్ష రిపోర్టు. సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ చేస్తారు. క్రిమి ఉందా లేదా అన్నదే కాకుండా, రిఫాంపిసిన్ మందుకు అది లొంగుతుందా లేదా అన్నది కూడా అందులోనే తెలుస్తుంది. ఆ రెండో గడి చూడకముందు "ఎన్నాళ్లు పడుతుంది?" అనే ప్రశ్నకు జవాబు చెప్పకండి. లొంగే రకం అయితే చికిత్స 6 నెలలు. లొంగని రకం అయితే మందులూ వేరు, కాలమూ మారొచ్చు. ముందే రెండు నెలలని చెప్పి తర్వాత మాట మార్చితే, ఆపైన మీరు ఏం చెప్పినా నమ్మరు.

రెండోది ఈఎస్ఐ డిస్పెన్సరీ డాక్టరు ఇచ్చే ఫస్ట్ సర్టిఫికెట్. జబ్బు వేరే ఆసుపత్రిలో తేలినా సరే, అదే రోజు రిపోర్టు పట్టుకుని, ముక్కూ నోరూ మూసేలా మాస్కు పెట్టుకుని డిస్పెన్సరీకి వెళ్లాలి. సెలవు డబ్బు లెక్క ఆ సర్టిఫికెట్ తేదీ నుంచే మొదలవుతుంది, పాత తేదీ వేసి ఇవ్వరు. ప్రైవేటు డాక్టరు రాసిన రెస్టు కాగితం తీసుకెళ్తే నేరుగా ఒప్పుకోరు. దాన్ని ప్రత్యామ్నాయ సాక్ష్యం కింద పరిశీలనకు పంపుతారు, అక్కడ వారాలు గడిచిపోతాయి. నాలుగు రోజులు ఇంట్లో పడుకుని, తర్వాత తీరిగ్గా డిస్పెన్సరీకి వెళ్లిన వాళ్లు ఆ నాలుగు రోజుల డబ్బు పోగొట్టుకోవడమే కాదు, మస్టర్‌లో (హాజరు పట్టీలో) ఆబ్సెంట్ కూడా పడతారు.

ఇక చెప్పడం. ముందు హెచ్‌ఆర్‌కు చెప్పాలి. సూపర్‌వైజర్‌కు జబ్బు పేరు చెబితే మధ్యాహ్నం భోజనాల వేళకు క్యాంటీన్ మొత్తానికి తెలిసిపోతుంది. ఆయనకు "డాక్టరు రెస్టు రాశారన్నా, హెచ్‌ఆర్‌కు కాగితం పంపాను" అని చెబితే చాలు. కాంట్రాక్టు కింద పనిచేసే వాళ్ల ఈఎస్ఐ మామూలుగా కాంట్రాక్టరు కోడ్ మీద ఉంటుంది కాబట్టి కాగితాలు కాంట్రాక్టరుకూ కంపెనీకీ ఇద్దరికీ వెళ్లాలి. స్వయంగా మాత్రం వెళ్లకండి. మందులు మొదలుకాని టీబీతో తలుపులు మూసి ఏసీ వేసిన గదిలో అరగంట కూర్చోవడం ఎదుటివాళ్లకు మంచిది కాదు. ఫోన్ చేసి, వెంటనే మెయిల్ పెట్టాలి.

జబ్బు పేరు చెప్పాలా వద్దా అని చాలామంది నలిగిపోతారు. వేరే జబ్బులకు నా సలహా వేరు: పనికి ఏం అడ్డమో, ఎన్ని రోజులో చెబితే సరిపోతుంది. టీబీ విషయంలో మాత్రం హెచ్‌ఆర్‌కు పేరుతోనే చెప్పాలంటాను. నెలల తరబడి అదే గదిలో, అదే గాలి పీల్చిన వాళ్లకు పరీక్ష జరగాలి. వాళ్లలో ఎవరికైనా దగ్గు ఉండి, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే మన మౌనం వాళ్ల పిల్లల మీద పడుతుంది. పైగా సర్టిఫికెట్‌లో జబ్బు రాసే గడి ఎలాగూ ఉంటుంది.

ఫోన్‌లో నేను చెప్పింది ఇంతే: "సార్, టెస్టులో నాకు ఊపిరితిత్తుల టీబీ అని వచ్చింది. మందులకు లొంగే రకమే. ఇవాళ్టి నుంచి ఈఎస్ఐ డాక్టరు రెస్టు రాశారు. మందులు మొదలైన రెండు వారాలకే ఇతరులకు అంటుకునే గుణం బాగా తగ్గిపోతుందన్నారు. కానీ నాది నిలబడే పని, బరువు కూడా తగ్గాను కాబట్టి రెండు నెలలు పట్టొచ్చు. కాగితాలు మెయిల్ చేస్తున్నాను. ఒక్క మాట సార్, మొదటి రెండు రోజులు సీఎల్ (క్యాజువల్ లీవు) వేయండి, మిగతా రోజులు ఈఎల్‌లో (జీతంతో వచ్చే ఎర్న్‌డ్ లీవులో) వేయకండి. ఈఎస్ఐ క్లెయిమ్‌కు పోతున్నాను."

మెయిల్‌లో పెట్టిన ఉత్తరం:

"2023 జూన్ 12 నుంచి నేను అనారోగ్యంతో విధులకు రాలేకపోతున్నాను. ఈఎస్ఐ డిస్పెన్సరీ వారు ఇచ్చిన ఫస్ట్ సర్టిఫికెట్ జతచేశాను. తదుపరి సర్టిఫికెట్లు అందిన రోజే పంపుతాను. జూన్ 12, 13 తేదీలకు క్యాజువల్ లీవు మంజూరు చేయగలరు. జూన్ 14 నుంచి ఈఎస్ఐ సిక్‌నెస్ బెనిఫిట్ కోరుతున్నాను కనుక ఆ రోజులకు వేతనంతో కూడిన సెలవు నమోదు చేయవద్దని మనవి. నా ఆరోగ్య వివరాలను అవసరమైన వారికి తప్ప వెల్లడించవద్దని కోరుతున్నాను. అందినట్టు తిరుగు మెయిల్ ఇవ్వగలరు."

చివరి రెండు వాక్యాలు తీసేయకండి. రాతపూర్వకంగా అడిగితే హెచ్‌ఆర్ జాగ్రత్త పడుతుంది. తిరుగు మెయిల్ లేకపోతే చెప్పారనడానికి రుజువు ఉండదు. చాలా కంపెనీల స్టాండింగ్ ఆర్డర్లలో చెప్పకుండా 8 లేదా 10 రోజులు రాకపోతే ఉద్యోగంపై హక్కు పోతుందనే నియమం ఉంటుంది.

హెచ్‌ఆర్ నుంచి వచ్చే ప్రశ్నల్లో ప్రమాదమైంది ఒకటుంది: "ఇప్పుడు రిజైన్ చేసి, తగ్గాక మళ్లీ చేరొచ్చు కదా?" మంచి మనసుతోనే అనొచ్చు. అయినా ఒప్పుకోకండి. సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్న రోజుల్లో ఉద్యోగిని తీసేయకూడదు, శిక్షించకూడదు, ఆ రోజుల్లో ఇచ్చిన తొలగింపు నోటీసు చెల్లదు అని అప్పటి ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్ చెప్పింది. ఆ రక్షణ కంపెనీ మిమ్మల్ని తీసేయకుండా అడ్డుపడుతుంది, మీ అంతట మీరు సంతకం పెట్టి వెళ్లిపోతే దానికి చేసేదేమీ లేదు. "సార్, సర్టిఫికెట్ మీద ఉన్నాను, ఫిట్‌నెస్ రాగానే వస్తాను" అని అక్కడితో ఆపాలి.

డబ్బు లెక్క కాస్త వివరంగా చెబుతాను, అందరూ తికమకపడేది ఇక్కడే.

సిక్‌నెస్ బెనిఫిట్ సగటు రోజు వేతనంలో 70 శాతం, ఏడాదికి గరిష్ఠంగా 91 రోజులు. ఇది రావాలంటే దానికి ముడిపడిన కంట్రిబ్యూషన్ పీరియడ్‌లో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టినది తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా పనికొస్తుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినది ఆ వచ్చే జులై నుంచి డిసెంబరు దాకా పనికొస్తుంది. నా సెలవు జూన్, జులై రెండింట్లోనూ పడింది కాబట్టి రెండు పీరియడ్లూ చూసుకోవాల్సి వచ్చింది: 2022 ఏప్రిల్-సెప్టెంబరు ఒకటి, 2022 అక్టోబరు-2023 మార్చి ఒకటి. ఒకదాంట్లో 78 రోజులు లేకపోతే ఆ భాగానికి డబ్బు రాదు. కొత్తగా చేరినవాళ్లు, మధ్యలో కంపెనీ మారినవాళ్లు ఈఎస్ఐ పోర్టల్‌లో ఇన్సూరెన్స్ నంబరుతో లాగిన్ అయి ఎన్ని రోజులు చూపించారో ముందే చూసుకోవాలి.

మొదటి రెండు రోజులకు డబ్బు ఇవ్వరు. పదిహేను రోజుల్లోపు మళ్లీ జబ్బుచేస్తే మాత్రం ఈ కోత ఉండదు. జూన్ 12, 13కు సీఎల్ అడిగింది అందుకే. జూన్ 14 నుంచి ఆగస్టు 13 దాకా 61 రోజులు. నెలకు 18,000, నెలకు 30 రోజులు చూపించారు కాబట్టి రోజుకు 600, అందులో 70 శాతం 420. మొత్తం 25,620. ఆదివారాలకు కూడా ఇస్తారు. 

ఒకే రోజుకు రెండు చోట్ల డబ్బు రాదు. జీతంతో సెలవు తీసుకున్న రోజుకు ఈఎస్ఐ ఇవ్వదు, అప్పటి ఈఎస్ఐ చట్టం 63వ సెక్షన్ చెప్పింది అదే. ఇంత చెప్పినా మా టైమ్ ఆఫీసులో నావి ఆరు రోజులు అలవాటుగా ఈఎల్‌లో వేసేశారు. ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసు వాళ్లు ఉద్యోగి నిజంగా రాలేదా అని కంపెనీని అడుగుతారు. ఆ జవాబులో ఈ ఆరు రోజులు వేతన సెలవుగా వెళ్లి, క్లెయిమ్ ఆగింది. సరిచేసిన మస్టరు, హెచ్‌ఆర్ ఉత్తరం, ఈఎల్ తిరిగి జమచేసిన పేస్లిప్ మూడూ ఇస్తేనే కదిలింది. మూడు వారాలు పట్టింది. పాత మెయిల్‌లో ఆ వాక్యం ఉండబట్టి వాళ్ల తప్పని ఒప్పుకున్నారు. అప్పటి నుంచి అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను: సెలవు పెట్టిన మొదటి నెల పేస్లిప్ రాగానే రోజులన్నీ వరుసగా లెక్కపెట్టుకోండి.

91 రోజులు దాటే పరిస్థితి వస్తే ఎక్స్‌టెండెడ్ సిక్‌నెస్ బెనిఫిట్ ఉంది. దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో టీబీ ఉంది. రోజు వేతనంలో 80 శాతం ఇస్తారు, రెండేళ్ల దాకా పొడిగించే వీలుంది. దీనికి రెండేళ్ల నిరంతర ఉద్యోగం, ముందటి నాలుగు కంట్రిబ్యూషన్ పీరియడ్లలో 156 రోజుల చందా ఉండాలి. మందులకు లొంగని టీబీ వచ్చినవాళ్లు 91వ రోజు దాకా ఆగకుండా ముందే డాక్టరుతో ఈ మాట కదపాలి.

పీఎఫ్ నుంచి కూడా తీసుకోవచ్చు. పీఎఫ్ స్కీమ్ 68జె పేరాలో టీబీ పేరు పెట్టి మరీ ఉండేది. ఆరు నెలల బేసిక్, డీఏ లేదా మన వాటా వడ్డీతో కలిపి, రెండింట్లో ఏది తక్కువైతే అది, ఫారం 31 ఆన్‌లైన్‌లో పెట్టి అడ్వాన్సుగా తీసుకునే వీలుండేది. ఈఎస్ఐ డబ్బు ఆలస్యమైతే ఇంటి అద్దెకు ఇదే ఆసరా. నిక్షయ్‌లో (టీబీ రోగుల వివరాలు నమోదుచేసే ప్రభుత్వ పోర్టల్‌లో) పేరు నమోదైతే పోషణ కోసం నెలకు 500 బ్యాంకులో పడేది, 2024 నవంబరు నుంచి అది 1,000 అయింది. ఆధార్ ముడిపెట్టిన ఖాతా నంబరు తొలిరోజే ఇవ్వాలి. నిక్షయ్ నమోదు సంగతి కంపెనీకి వెళ్తుందని కొందరు భయపడతారు. వెళ్లదు.

సర్టిఫికెట్ల మధ్య ఒక్క రోజు కూడా ఖాళీ ఉండకూడదు. మొదట్లో వారానికోసారి ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ ఇస్తారు. దీర్ఘకాలిక జబ్బు అని తేలాక స్పెషల్ ఇంటర్మీడియట్ ఇస్తారు, దానికి నాలుగు వారాల దాకా గడువు. గడువు ఆదివారమో పండగో పడితే ముందు పనిదినానే వెళ్లాలి. తీసుకున్న ప్రతి కాగితాన్నీ ఫోటో తీసి అదే మెయిల్ కింద జతచేస్తూ పోయాను. కొత్తగా మరో మెయిల్ మొదలుపెట్టలేదు. ఆరు నెలల తర్వాత ఎవరు తెరిచినా కథంతా ఒకే చోట కనబడుతుంది.

తోటివాళ్ల సంగతి. టీబీ మందులు ఇచ్చే డాట్స్ కేంద్రంలో ఎస్‌టీఎస్‌గా (చికిత్స పర్యవేక్షకుడిగా) ఉన్న వ్యక్తిని అడిగి, ఆయన ఫోన్ నంబరు హెచ్‌ఆర్‌కు ఇచ్చాను. కంపెనీ పిలిస్తే వాళ్లు వచ్చి సెక్షన్ అందరినీ నాలుగు మాటలు అడుగుతారు: రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, తెమడలో రక్తం. ఉన్నవాళ్లకే తెమడ పరీక్ష. పళ్లెం, గ్లాసు, అచ్చు మిషన్ హ్యాండిల్ ముట్టుకుంటే టీబీ రాదు, అది గాలి ద్వారా వచ్చేది. ఈ ముక్క హెచ్‌ఆర్ చెబితే పెడచెవిన పెడతారు, ఆరోగ్య శాఖ మనిషి సెక్షన్‌లో నిలబడి చెబితే వింటారు. నేను తిరిగొచ్చినప్పుడు నా గ్లాసు పక్కన పెట్టకపోవడానికి కారణం ఆ పది నిమిషాలే. ఇంట్లోవాళ్లకు పరీక్ష, నివారణ మందు కూడా వాళ్లే చూస్తారు.

తిరిగి చేరడం. మందులు మొదలైంది జూన్ 14న, షుగరు, హెచ్‌ఐవీ పరీక్షలు అయ్యాక. 50 నుంచి 64 కిలోల వాళ్లకు రోజుకు నాలుగు మాత్రలు, 35 నుంచి 49 వాళ్లకు మూడు. నాలుగు మందుల దశ 56 డోసులు, అంటే ఆగస్టు 8తో అయిపోయింది. మర్నాడు తెమడ ఇచ్చాను, క్రిములు కనబడలేదు. దాంతో డాక్టరు ఆగస్టు 14 నుంచి పనికి తగినవాడని ఫైనల్ సర్టిఫికెట్ రాశారు. కూర్చుని చేసే పని, ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లు అంతకంటే ముందే వెళ్తుంటారు. అది డాక్టరు నిర్ణయం.

ఇక్కడ కంపెనీలు చేసే తప్పులు మూడు. "పూర్తిగా తగ్గిందని రాయించుకు రా" అంటారు. ఆరు నెలల కోర్సు అయ్యి, చివరి తెమడ పరీక్ష అయితేగానీ ఏ డాక్టరూ ఆ మాట రాయరు. పనికి తగినవాడు అనేది వేరే మాట, అది ఎప్పుడో రాయొచ్చు. రెండు, "మళ్లీ సీబీనాట్ చేయించు" అంటారు. ఆ పరీక్ష చచ్చిన క్రిమి జన్యువును కూడా పట్టేస్తుంది కాబట్టి మందుల మధ్యలో చేస్తే పాజిటివ్ అని రావొచ్చు. చికిత్స ఎలా సాగుతోందో చూడటానికి దాన్ని వాడరు, మైక్రోస్కోపు కింద తెమడ చూస్తారు. మూడు, ఎక్స్‌రే అడుగుతారు. నయమైన వాళ్ల ఎక్స్‌రేలో కూడా మచ్చ ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. అందుకని డాక్టరును ఈ వరుస రాయమని అడగండి: "చికిత్స కొనసాగుతోంది, తెమడలో క్రిములు లేవు, తోటివారికి ప్రమాదం లేదు, ఫలానా తేదీ నుంచి తేలికపాటి పనికి తగినవారు." ఈ నాలుగు ముక్కలు ఒకే కాగితంలో ఉంటే కంపెనీ డాక్టరుకు ఇంకేమీ అడగాల్సిన అవసరం పడదు.

చేరే రోజుకు నాలుగు రోజుల ముందే హెచ్‌ఆర్‌తో మాట్లాడి పెట్టుకోవాలి. ఏం అడిగానంటే: మొదటి నాలుగు వారాలు నైట్ షిఫ్ట్ వద్దు, గంటకోసారి ఐదు నిమిషాలు కూర్చునే వీలు, బండిల్స్ ఎత్తే పని ఉండకూడదు, నెలకో పూట ఆసుపత్రికి పర్మిషన్. ప్రతిదానికీ తేదీ పెట్టాను, సెప్టెంబరు 10 దాకా అని. ఎప్పటిదాకానో చెప్పకుండా "లైట్ డ్యూటీ ఇవ్వండి" అంటే ఎవరూ ఇవ్వలేరు, వాళ్లూ షిఫ్ట్ చార్టు వేసుకోవాలి కదా.

నా పనికే ప్రత్యేకమైంది ఒకటి, రంగులు చూసే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లంతా గమనించాలి. తర్వాతి 112 డోసుల్లో కూడా ఇథాంబ్యుటాల్ ఉంటుంది. అది కొందరిలో కంటినరాన్ని దెబ్బతీస్తుంది, ముందుగా తేడా వచ్చేది ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో. అట్టపెట్టె మీద ఎర్ర గీత షేడు తప్పిందా లేదా అని చూడటమే నా డ్యూటీ. అందుకని రంగు పోల్చే టేబులు నుంచి తప్పించి, డబ్బాలు లెక్కపెట్టే చోట వేయమని అడిగాను, నెలనెలా రంగుల చుక్కల పుస్తకంతో కళ్లు చూపించుకున్నాను. డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు, వైర్ల రంగులు చూసేవాళ్లు ఇది డాక్టరుకు మొదటిరోజే చెప్పాలి. చూపు మసకబారితే మర్నాటి దాకా ఆగకూడదు.

మిగతావి చిన్నవి. మాత్రలు పొద్దున పరగడుపున మంచిది, మొదటి షిఫ్టు ఆరింటికైతే నాలుగున్నరకే వేసుకోవాలి, లేకపోతే బస్సులో వికారం. మూత్రం ఎర్రగా, నారింజరంగులో వస్తుంది, రిఫాంపిసిన్ వల్ల, రక్తం కాదు. తొలి రెండు నెలలు పిరాజినమైడ్ వల్ల కీళ్ల నొప్పులు రావొచ్చు, నిలబడే పనివాళ్లకు సెలవు కాస్త పొడవు కావడానికి అదీ ఒక కారణం. అరికాళ్లలో తిమ్మిర్లు వస్తే బి6 మాత్ర ఇస్తారు. కళ్లు పచ్చబడి, అన్నం సహించకపోతే మాత్రం మాత్రలు ఆపి అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఆ రోజు డ్యూటీ ఉన్నా సరే.

నా కోర్సు 168 డోసులతో నవంబరు 28న అయిపోయింది. చివరి తెమడ రిపోర్టు, డాక్టరు రాసిన చికిత్స పూర్తయిన కాగితం పాత మెయిల్ కిందే పెట్టాను. ఆ తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి పరీక్షకు రమ్మంటారు. 2024 మే, నవంబరు, 2025 మే, నవంబరు: ఈ నాలుగు పూటలకు పర్మిషన్ కూడా అందులోనే అడిగి, సరేనని జవాబు తెప్పించుకున్నాను.